గాదె కింద కంత: ఫ్లోరిడా ఇంటి కింద సింక్‌హోల్ ఉందో లేదో తేల్చుకోవడం ఎలా

టాంపాకి ఉత్తరాన వెస్లీ చాపెల్, లాండ్ ఓ లేక్స్ వైపు ఇళ్లు కొన్న మనవాళ్లు నాకు వాట్సాప్‌లో పంపే ఫొటోలు దాదాపు ఒకే రకం. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా దిగిన పగులు, కొలత తెలియడానికి పక్కన ఒక క్వార్టర్ నాణెం. కింద ఒకే ప్రశ్న: "అన్నా, ఇది సింక్‌హోలేనా?"

సింక్‌హోల్ అంటే అడుగున రాతిలో ఉన్న ఖాళీల్లోకి మట్టి జారి పైన నేల కుంగిపోవడం. ఫొటో చూసి అవుననో కాదనో తేల్చేసేవాళ్లని నమ్మకండి, నేనైనా సరే. ఇల్లు కదిలిందని మాత్రమే గోడ చెప్పగలదు. ఎందుకు కదిలిందో అడుగున ఉన్న మట్టిని అడగాలి. ఆ అడగడానికి ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే డబ్బూ పోతుంది, జవాబూ దొరకదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇది చదవడం ఆపి బయటికి నడవండి. గంటల్లోనే పగుళ్లు వెడల్పవుతున్నా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, గోడల్లోంచి పటపటమని చప్పుళ్లు వస్తున్నా, పెరట్లో గుండ్రంగా నేల దిగుతున్నా ఇంట్లో అందరినీ బయటికి తెచ్చి 911కి ఫోన్ చేయండి. పాస్‌పోర్టుల కోసం వెనక్కి వెళ్లొద్దు. 2013 ఫిబ్రవరి 28 రాత్రి టాంపా పక్కన సెఫ్నర్‌లో ఒక పడకగది కింద సుమారు 20 అడుగుల వెడల్పు గొయ్యి తెరుచుకుంది. అందులో నిద్రపోతున్న మనిషి మళ్లీ దొరకలేదు. అయితే అలాంటివి చాలా అరుదు. మిగతా కేసులన్నీ నెలలు, ఏళ్లు పట్టే నెమ్మది వ్యవహారాలు. ఈ మార్గదర్శి వాటి కోసం.

గొయ్యి కింది నుంచి పైకి ఎక్కుతుంది

పల్లెలో గాదె చూసినవాళ్లకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. గాదె అడుగున కంతకు పెట్టిన బిరడా తీస్తే ధాన్యం కింది నుంచి జారుతుంది. పైన కాసేపు ఏమీ తెలియదు. తర్వాత మధ్యలో చిన్న సొట్ట పడుతుంది, అది గరాటులా లోతవుతుంది. పైనుంచి చూసేవాడికి సొట్టే మొదలు. నిజానికి కంత తెరుచుకుని అప్పటికే చాలాసేపయింది.

పడమటి మధ్య ఫ్లోరిడాలో గాదె ఇలా ఉంటుంది. పైన ఇసుక. దాని కింద చాలాచోట్ల బంకమట్టి పొర, భూగర్భ శాస్త్రజ్ఞులు హాథార్న్ గ్రూప్ అంటారు. దాని కింద సున్నపురాయి, అందులో నిండా నీళ్లు. ఆ నీళ్ల పొర పేరే ఫ్లోరిడన్ అక్విఫర్, రాష్ట్రంలో ఎక్కువమందికి తాగునీరు అదే. వాన నీరు గాలిలోంచీ, ఇంకా ఎక్కువగా మట్టిలో కుళ్లే ఆకూ అలములోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని బలహీనమైన ఆమ్లమవుతుంది. సోడాలో ఉండేదీ అదే, కార్బానిక్ ఆమ్లం. అది రాతి పగుళ్లలో దిగుతూ వేల ఏళ్లలో పగుళ్లని సందులుగా, సందులని గుహలుగా తొలుస్తుంది. కాబట్టి కంత మన జీవితకాలంలో పుట్టింది కాదు. మన కాలంలో జరిగేదల్లా బిరడా ఊడటం.

ఆ ఊడటాన్ని బట్టి అమెరికా జియలాజికల్ సర్వే మూడు రకాలు చెబుతుంది. రాయి దాదాపు నేల మీదే ఉంటే అదే మెల్లగా కరిగి పళ్లెంలా లోతు పడుతుంది, దానితో ఇళ్లకి పెద్ద భయం లేదు. పైన వదులు ఇసుక మందంగా ఉంటే గింజ గింజగా రాతి సందుల్లోకి జారుతుంది. నేల ఏళ్ల తరబడి కుంగుతుంది, గోడలు చీలతాయి. మూడోది బంకమట్టి ఉన్నచోట. బంకమట్టికి పట్టు ఉంటుంది కాబట్టి కింద ఖాళీ ఏర్పడినా కప్పులా నిలబడుతుంది. అడుగు భాగం పెచ్చులు పెచ్చులుగా రాలి ఖాళీ పైకి ఎక్కుతూ వస్తుంది. చివరి పెచ్చు పలచబడిన రోజు పైనున్నదంతా ఒక్కసారిగా దిగిపోతుంది. 1981 మేలో ఓర్లాండో పక్కన వింటర్ పార్క్‌లో జరిగింది ఇదే. దాదాపు 350 అడుగుల వెడల్పు గొయ్యి ఒక ఇంటినీ, మునిసిపల్ ఈతకొలనులో కొంత భాగాన్నీ, కార్ల మరమ్మతు షాపులోని ఐదు పోర్షేలనీ మింగింది. ఇప్పుడది చెరువు, పేరు లేక్ రోజ్.

బిరడా ఊడదీసేది ఎక్కువగా నీళ్లే. 2010 జనవరిలో టాంపాకి తూర్పున ఉన్న ప్లాంట్ సిటీ దగ్గర వరసగా 11 రోజులు గడ్డకట్టే చలి వేసింది. స్ట్రాబెర్రీ రైతులు పంటని కాపాడుకోడానికి రాత్రంతా మొక్కల మీద నీళ్లు చల్లారు. నీరు గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడి పండుని కాస్తుంది, పద్ధతి మంచిదే. కానీ అందరూ ఒకేసారి బోర్లు నడిపేసరికి అక్విఫర్ మట్టం సుమారు 60 అడుగులు పడిపోయింది. ఒక్కో అడుగు నీటి ఒత్తిడి చదరపు అడుగుకి 62.4 పౌండ్ల బరువుని కింది నుంచి మోస్తుంది. 60 అడుగులంటే 3,700 పౌండ్లకు పైగా ఆసరా లాగేసినట్టు. ఆ రోజుల్లో చుట్టుపక్కల సుమారు 140 సింక్‌హోల్‌లు నమోదయ్యాయి. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది: దీర్ఘ కరువు తర్వాత కుండపోత వాన పడితే పై మట్టి నాని బరువెక్కుతుంది, కింద ఆసరా ఇంకా రాలేదు. ఇంటి పక్కన కొత్తగా తవ్విన వాననీటి కుంట, కనిపించకుండా కారే ఈతకొలను గొట్టం కూడా చిన్న స్థాయిలో ఇదే పని చేస్తాయి.

కడప జిల్లా వాళ్లకి ఇది పరాయి కథ కాదు. 2015 చివర్లో భారీ వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలం నాయనోరిపల్లె పరిసరాల్లో పొలాల్లో నేల గుండ్రంగా కుంగి జనం హడలిపోయారు. అడుగున సున్నపురాయి, ఏళ్ల తరబడి బోర్లతో లాగేసిన నీరు, ఆపైన ఒక్కసారిగా పడ్డ వాన, మూడూ కలిసిన చోటు అది. బెలూం గుహల్ని తొలిచింది కూడా ఇదే ఆమ్లపు నీరే. హైదరాబాద్‌లో రోడ్డు కుంగితే పత్రికలు సింక్‌హోల్ అని రాస్తాయి గానీ అక్కడి గ్రానైట్ అలా కరగదు. అక్కడ వెతకాల్సింది పగిలిన డ్రైనేజీ పైపునో, పాత నాలానో.

మొదటి మెట్టు: కాగితాలు

యంత్రాలు దిగేముందు రెండు సాయంత్రాలు కంప్యూటర్ ముందు కూర్చోండి. ఇల్లు కొనబోయేవాళ్లకి ఇది తప్పనిసరి, పైగా దాదాపు ఉచితం.

ఫ్లోరిడా జియలాజికల్ సర్వే దగ్గర జనం ఫోన్ చేసి చెప్పిన కుంగుబాట్ల పటం ఉంది. అది చూసి కంగారు పడకండి, అది చూసి ధైర్యమూ తెచ్చుకోకండి. అందులో ఉన్నవి కేవలం వచ్చిన ఫిర్యాదులు, అన్నిటినీ నిపుణులు తనిఖీ చేసి రాసినవి కావు. ఇళ్లు ఎక్కువున్నచోట చుక్కలూ ఎక్కువే. అడవిలో గొయ్యి పడితే ఫిర్యాదు చేసేదెవరు?

అంతకంటే విలువైనవి పాత ఏరియల్ ఫొటోలు. 1940లు, 50ల ఫొటోల్లో మీ స్థలం ఎలా ఉందో చూడండి. గుండ్రటి మడుగులూ, సైప్రస్ చెట్ల గుంపులూ కనబడి, ఇప్పటి పటంలో ఆ చోట ఇళ్లుంటే వాటిని పూడ్చి కట్టారన్నమాట. దానితో పాటు అమెరికా వ్యవసాయ శాఖ వారి సాయిల్ సర్వేలో మీ స్థలం ఇసుకా, బంకమట్టా, బురద నేలా చూడండి.

తర్వాత కౌంటీ రికార్డులు. పునాది మరమ్మతు పర్మిట్లు ఉన్నాయా? కోర్టు క్లర్క్ దగ్గర ఆ ఇంటి పేరున సింక్‌హోల్ నివేదిక దాఖలైందా? బీమా సంస్థ సింక్‌హోల్ క్లెయిమ్ కింద డబ్బు చెల్లించినప్పుడు ఆ ఇంజినీరింగ్ నివేదికని అక్కడ దాఖలు చేయాలని రాష్ట్ర చట్టం. అమ్మే మనిషి తానే అలాంటి క్లెయిమ్ తీసుకుని ఉంటే రిజిస్ట్రేషన్‌కి ముందే కొనేవాళ్లకి చెప్పి తీరాలి. కానీ మూడు చేతులు మారిన ఇంట్లో ఇప్పటి యజమానికే తెలియకపోవచ్చు, అందుకే రికార్డు మీరే చూసుకోండి.

రెండో మెట్టు: ఇంటిని చదవడం

ఇక్కడ నుంచి లైసెన్సున్న ఇంజినీరో భూగర్భ శాస్త్రజ్ఞుడో కావాలి. మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ చాలడు. అయితే ఆయన రాకముందు మీరు చేయగలిగింది చాలా ఉంది.

ఇంటి ప్లాన్ గీసి ప్రతి పగులునీ గుర్తించండి. ఎక్కడ, ఎంత వెడల్పు, పైన వెడల్పా కింద వెడల్పా, ఎప్పుడు కనబడింది. చివర్లలో పెన్సిల్ గీత పెట్టి తేదీ వేయండి. నెల తర్వాత పగులు గీత దాటితే అది బతికున్న పగులు. ఒకే మూలకి అన్ని పగుళ్లూ చూపుతున్నాయా, ఇల్లంతా చిందరవందరగా ఉన్నాయా? మొదటిది నేల కుంగుబాటుకి సూచన. రెండోది చాలాసార్లు కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకోవడమో, ఎండ వేడికి సాగడమో. మీ వీధిలోని ఖాళీ స్థలాల్లోనూ, పక్క ఇళ్లలోనూ ఇలాంటి కుంగుబాట్లో పగుళ్లో ఉన్నాయేమో అడగండి. ఎక్కడైనా పైపు కారుతోందేమో తెలియడానికి, నీళ్ల బిల్లు కారణం లేకుండా పెరిగిందా చూడండి.

నిపుణుడు వచ్చి నేల మట్టం కొలుస్తాడు. మన మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ సూత్రమే, కాస్త ఖరీదైన పెట్టెలో. గదిగదికీ పదుల చోట్ల మట్టం తీసి, టైల్స్‌కీ కార్పెట్‌కీ ఉన్న మందం తేడా తీసేసి, కొండల పటంలా గీతలు గీస్తాడు. ఆ గీతలన్నీ ఒక మూల చుట్టూ గిన్నెలా దిగుతున్నాయా, ఇల్లంతా ఒకవైపు కొద్దిగా వాలిందా అన్నదే అసలు విషయం. ఒక హెచ్చరిక: కట్టిన రోజే నేల అర అంగుళం అటూ ఇటూ ఉండటం మామూలు. అందుకే ఒక్కసారి తీసిన కొలత కంటే ఏడాది తేడాతో తీసిన రెండు కొలతలు ఎంతో నయం. ఆ పటం కాపీ అడిగి తీసుకుని దాచుకోండి.

మూడో మెట్టు: చేతి బోరు, పునాది గుంత

దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా అనుభవంలో సగం కేసులు తేలిపోయేది ఇక్కడే.

పునాది పక్కన చిన్న గుంత తీసి ఫుటింగు (పునాది అడుగు దిమ్మె) లోతూ మందమూ చూస్తారు. ఇంటి చుట్టూ చేతి బోరుతో కొన్ని అడుగుల లోతు మట్టి తీస్తారు. ఆ మట్టిని ప్రయోగశాలలో రెండు ముఖ్యమైన ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, ఇది తడికి ఉబ్బి ఎండకి కుంచించుకునే బంకమట్టా? నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. హాథార్న్ బంకమట్టి పైకి దగ్గరగా ఉన్నచోట ఫ్లోరిడా ఇళ్లూ అలాగే వానాకాలం లేచి ఎండాకాలం దిగుతాయి. రెండు, ఇందులో కుళ్లిన ఆకూ వేరూ ఎంతుంది? పాత మడుగు మీద మట్టి పోసి కట్టిన ఇంటి కింద పీట్ నల్లగా మెత్తగా తగులుతుంది, ఏళ్ల తరబడి అణుగుతుంది. బిల్డరు పాతిపెట్టిన చెట్టు మొద్దులు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. మొద్దు కుళ్లితే పైన చక్కటి గుండ్రటి గొయ్యి పడుతుంది, చూస్తే అచ్చం సింక్‌హోలే.

నాలుగో మెట్టు: తవ్వకుండా చూడటం

గడ్డి కోసే బండిలాంటి దాన్ని ఒకాయన పెరట్లో వరసలుగా తోసుకుంటూ తిరుగుతాడు. అది రాడార్. తరంగాలు పొడి ఇసుకలో బాగా దిగుతాయి, బంకమట్టి తగలగానే చచ్చిపోతాయి. కాబట్టి లోతైన గుహని ఇది చూపిస్తుందని ఆశించకండి. ఇది చూపేది బంకమట్టి పై అంచు. ఆ అంచు సాఫీగా వస్తూ ఒకచోట గరాటులా కిందికి వంగితే గాదెలో సొట్ట కనబడినట్టే.

ఇంకాస్త లోతుకి విద్యుత్ నిరోధకత పద్ధతి. వరసగా ఇనుప మేకులు పాతి కరెంటు పంపి మట్టి ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. మన దగ్గర బోరు పాయింటు చూసే జియాలజిస్టులు చేసేది కూడా ఇదే, కాకపోతే అక్కడ నీళ్ల కోసం వెతుకుతారు. దీనికి ఒక ఇబ్బంది: మేకుల వరస పొడవులో దాదాపు ఐదో వంతు లోతే కనబడుతుంది. 100 అడుగుల వరసకి 20 అడుగులు. చిన్న ప్లాట్లలో వరసకి చోటే ఉండదు. పైగా ఇనుప కంచె, నీళ్ల పైపులు లెక్కని చెడగొడతాయి.

ఈ రెంటిలో ఏదీ తీర్పు కాదు. బోరు ఎక్కడ వేయాలో చెప్పే చూపుడు వేళ్లు మాత్రమే. రాడార్ పటం చూపించి "ఇదిగో సింక్‌హోల్" అంటూ మరమ్మతు ఒప్పందం ముందు పెట్టే కంపెనీని గేటు దగ్గరే ఆపండి.

ఐదో మెట్టు: బోరు

అసలు సాక్ష్యం ఇక్కడ. ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనిట్రేషన్ టెస్ట్) అనే ఈ పరీక్ష మొరటుగా కనబడుతుంది గానీ దాదాపు వందేళ్లుగా ఇంజినీర్లు నమ్ముతున్నది. 140 పౌండ్ల సుత్తిని 30 అంగుళాల ఎత్తు నుంచి వదులుతూ బోరు అడుగున ఒక బోలు గొట్టాన్ని 18 అంగుళాలు దిగ్గొడతారు. మొదటి 6 అంగుళాల దెబ్బలు లెక్కలోకి రావు, మిగతా 12 అంగుళాలకి పట్టిన దెబ్బల సంఖ్యే ఎన్ విలువ. ఇసుకలో 4 లోపు వస్తే చాలా వదులు, 10 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే గట్టి. గొట్టంలో మట్టి నమూనా కూడా పైకి వస్తుంది.

నివేదికలో వచ్చే బోరు పట్టికని మీరే చదవొచ్చు. ఉదాహరణకి ఇలా ఉందనుకుందాం: 12 అడుగుల దాకా ఇసుక, ఎన్ విలువ 10, 14, 12. అక్కడి నుంచి 30 దాకా బంకమట్టి, బాగానే ఉంది. 35 దగ్గర ఎన్ విలువ 2. 38 దగ్గర సుత్తి కొట్టక్కర్లేకుండానే, రాడ్ల బరువుకే గొట్టం దిగిపోయింది. 41 దగ్గర బోరులో తిప్పుతున్న బెంటోనైట్ (ఒక రకం బంకమట్టి) బురద నీరు పైకి రావడం మానేసింది, ఎటో పోతోంది. 44 దగ్గర సున్నపురాయి.

35 నుంచి 44 దాకా గాదె అడుగు ఖాళీ అవుతున్నట్టే ఉంది, బురద నీరు మాయమైంది కంతలోకి. కానీ తొందరపడకండి. రాతి మీద పలచటి మెత్తటి పొర ఫ్లోరిడాలో ఎన్నో చోట్ల ఉంటుంది, వేల ఏళ్ల కిందటే అణిగి ఊరుకున్నదీ కావచ్చు. అందుకే పగుళ్లున్న వైపు ఒక బోరు, ఏ దెబ్బా లేని వైపు ఇంకో బోరు ఉండాలని నేను పట్టుబడతాను. రెండుచోట్లా ఒకే తీరు ఉంటే ఆ పొర ఒక్కటే పగుళ్లకి కారణమని చెప్పడం కష్టం. దెబ్బతిన్న వైపే మెత్తదనం రాతి నుంచి పైకి ఎక్కుతూ వచ్చి, రాడార్‌లో సొట్టా, నేల మట్టం పటంలో గిన్నే, మూడూ ఒకే మూలకి చూపితే అప్పుడు సందేహం ఉండదు.

రెండు షరతులు ముందే రాయించుకోండి. బోరు రాతి దాకా వెళ్లి, రాతిలోనూ కొంత దిగాలి. ఇసుకలోనే ఆగిన బోరు ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. పని అయ్యాక బోరుని సిమెంటు గ్రౌట్‌తో కింది నుంచి పైదాకా పూడ్చాలి. వదిలేస్తే బంకమట్టికి మనమే కంత పెట్టినట్టు.

ఆరో మెట్టు: తీర్పు, బీమా

నివేదికలో రెండు ప్రశ్నలకి విడివిడిగా జవాబు ఉండాలి. నీరు సున్నపురాయిలో తొలిచిన ఖాళీల్లోకి మట్టి ఇప్పుడు జారుతోందా? ఇంటికి నిర్మాణపరమైన నష్టం జరిగిందా? చట్టంలో ఆ నష్టానికి ఐదు నిర్వచనాలున్నాయి, గోడ మీది సన్నటి పగులు వాటిలోకి రాదు. రెండూ అవునంటేనే సింక్‌హోల్ నష్టం. "కొట్టిపారేయలేము" అనే మాట నివేదికలో కనబడితే ఏ ఆధారాన్ని బట్టి అన్నారో రాతపూర్వకంగా అడగండి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది బీమాలో. ఫ్లోరిడాలో ప్రతి ఇంటి పాలసీలోనూ తప్పనిసరిగా ఉండేది నేల హఠాత్తుగా కూలిపోయినప్పటి రక్షణ (క్యాటస్ట్రోఫిక్ గ్రౌండ్ కవర్ కొలాప్స్). దానికి నాలుగూ జరగాలి: నేల ఒక్కసారిగా కూలాలి, గొయ్యి కంటికి కనబడాలి, పునాదితో సహా ఇంటికి నిర్మాణ నష్టం కలగాలి, ప్రభుత్వాధికారి ఇల్లు ఖాళీ చేయమని ఆదేశించాలి. నెమ్మదిగా కుంగి గోడలు చీలినదానికి ఇది పనికిరాదు. దానికి వేరే సింక్‌హోల్ కవరేజీ కొనుక్కోవాలి. ఇచ్చే ముందు కంపెనీ తనిఖీ అడగొచ్చు. డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మీరే భరించాల్సిన వాటా, ఇంటి బీమా మొత్తంలో 10 శాతం దాకా ఉండొచ్చు, అంటే 4 లక్షల డాలర్ల ఇంటికి 40,000. పాలసీ కాగితంలో ఆ రెండు పేర్లలో ఏది ఉందో ఈ రాత్రే చూసుకోండి.

నష్టం తెలిసిన రెండేళ్లలోపు కంపెనీకి చెప్పాలి. పరీక్షలు చేయకుండానే కంపెనీ కాదంటే, 60 రోజుల్లో రాతపూర్వకంగా పరీక్ష కోరే హక్కు ఉంది. ఖర్చులో సగమో 2,500 డాలర్లో, ఏది తక్కువైతే అది మీరు పెట్టుకోవాలి. సింక్‌హోల్ నష్టమని తేలితే అది తిరిగి వస్తుంది. నివేదికతో పేచీ ఉంటే రాష్ట్ర ఆర్థిక సేవల శాఖ ద్వారా తటస్థ నిపుణుణ్ని అడగొచ్చు. చట్టాలు మారుతుంటాయి కాబట్టి క్లెయిమ్ వేసే రోజు ఒకసారి సరిచూసుకోండి.

మరమ్మతు గురించి

గొయ్యిలో మట్టి పోస్తే గాదెలో పైనుంచి ధాన్యం పోసినట్టే, కింద కంత అలాగే ఉంటుంది. సెఫ్నర్‌లో పూడ్చిన గొయ్యి 2015లో ఒకసారి, 2023లో మరోసారి తెరుచుకుంది. అక్కడ ఇల్లు ఎప్పుడో తీసేసి కంచె వేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంటిని నిలబెట్టే పద్ధతి కాంపాక్షన్ గ్రౌటింగ్. ఇంటి చుట్టూ గొట్టాలు రాతి దాకా దింపి, గట్టి పిండిలాంటి సిమెంటు మిశ్రమాన్ని ఒత్తిడితో పంపుతూ, గొట్టాన్ని మెల్లగా పైకి లాగుతారు. కంత మూసుకుంటుంది, మెత్తటి ఇసుక నొక్కుకుంటుంది. పై కొన్ని అడుగుల ఇసుకకి రసాయన గ్రౌట్, బరువు మోయడానికి పునాది కింద ఉక్కు స్తంభాలు (పియర్లు) అదనం. మొదలుపెట్టే ముందే ఒక సంగతి గుర్తుంచుకోండి: గ్రౌట్ ఎంత పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఒక గొట్టం కొద్దిపాటితో బిగుసుకుంటుంది, పక్కది ట్రక్కులు మింగుతుంది. ఒప్పందంలో మొత్తం ధరతో పాటు ఘనపు గజం గ్రౌట్‌కి ఎంతో రాయించండి. ఏ గొట్టంలో ఏ లోతున ఎంత పోసిందీ రోజువారీ లాగ్ తీసుకోండి. పని జరుగుతుండగా ఇల్లు పైకి లేవకుండా లెవెల్ పెట్టి చూస్తున్నారో లేదో మీరే నిలబడి గమనించండి. ప్లంబింగ్ పైపుల్లోకి గ్రౌట్ దూరితే ఆ తలనొప్పి వేరు.

పని అయిన మూడు నెలలకీ, ఏడాదికీ మళ్లీ నేల మట్టం తీయించి పాత పటం పక్కన పెట్టి చూడండి. ఆ రెండు పటాలూ, బోరు పట్టికలూ, గ్రౌట్ లాగూ ఒకే ఫైల్లో ఉంచండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల తరఫున వచ్చే ఇంజినీరు మొదట అడిగేది ఆ ఫైలే.